లాగ్‌లో పిచ్చిగీతలు: అక్షరం ఎక్కడ చెడింది?

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. హనుమకొండ నుంచి మాట్లాడుతున్నాం. సర్వర్ల నిర్వహణలో చాలాకాలంగా ఉన్న అక్క ఈ రోజు మనతో ఉన్నారు. అక్కా, నేరుగా విషయానికే వస్తాను. వరంగల్ దగ్గర ఒక పత్తి మిల్లులో తూకం రశీదులు రాసే అప్లికేషన్ ఉందనుకుందాం. అది తన సందేశాలను సిస్‌లాగ్‌కు, అంటే ప్రోగ్రాముల సందేశాలను సేకరించి లాగ్ ఫైళ్లలో రాసే వ్యవస్థకు, పంపుతుంది. అయితే రైతు పేరు ఉండవలసిన చోట ఏవేవో గుర్తులు వస్తున్నాయి. మొదట దేన్ని పట్టుకోవాలి?

అతిథి: సెట్టింగుల జోలికి పోకముందే ఆ గుర్తుల రూపాన్ని చూడాలి, తమ్ముడూ. అక్షరం ఎక్కడ చెడిందో ఆ రూపమే చెప్తుంది. అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి అయిన యూటీఎఫ్-8లో తెలుగు లిపిలోని ప్రతి సంకేతానికి 3 బైట్లు పడతాయి. "వరంగల్" అన్న మాటలో సున్నాను, పొల్లును కూడా కలుపుకొని 6 సంకేతాలు ఉంటాయి కాబట్టి మొత్తం 18 బైట్లు. లాగ్‌లో "వ" బదులు #340#260#265 అని కనిపించిందంటే ఆ మూడు బైట్లూ చెక్కుచెదరకుండా చేరాయన్నమాట. సిస్‌లాగ్ పని చేసే ఆర్‌సిస్‌లాగ్ అనే ప్రోగ్రామ్ వాటిని అష్టాంశ పద్ధతిలో, అంటే 0 నుంచి 7 వరకు ఉన్న అంకెలతోనే రాసింది, అంతే. 8 బిట్ల అక్షరాలను అలా మార్చే సెట్టింగు మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది కనుక దాన్ని ఎవరు, ఎందుకు ఆన్ చేశారో కనుక్కోవాలి.

వ్యాఖ్యాత: మరి గీత పెట్టిన ఇంగ్లీషు ఎ అక్షరం, దాని పక్కన డిగ్రీ గుర్తు పదేపదే వస్తుంటే?

అతిథి: అప్పుడు ఫైలు బాగానే ఉండి ఉండవచ్చు, చూపించే ప్రోగ్రామ్ దాన్ని లాటిన్-1 అనే పాత ఐరోపా అక్షరాల పద్ధతి అనుకొని చదువుతుండవచ్చు. అందుకే తెరను నమ్మకుండా, ఫైల్లోని బైట్లను సంఖ్యలుగా చూపే హెక్స్‌డంప్‌తో చూడమంటాను. అన్నిటికంటే చెడ్డది వరుసగా ప్రశ్నార్థకాలు రావడం. అప్లికేషన్ నడిచే లొకేల్‌లో, అంటే భాష, అక్షరాల సెట్టింగులో, తెలుగుకు చోటు లేకపోతే, సందేశం బయటికి రాకముందే ప్రతి అక్షరాన్నీ ప్రశ్నార్థకంగా మార్చేస్తుంది. టెర్మినల్‌లో చేత్తో నడిపినప్పుడు సరిగ్గా వచ్చిన పేర్లు, పనులను నిర్ణీత వేళకు తనంతట తానే నడిపే క్రాన్ నుంచి నడిచినప్పుడు చెడితే ముందుగా ఈ లొకేల్‌నే అనుమానించాలి, ఎందుకంటే మన లాగిన్‌లో ఉన్న ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్, అంటే లొకేల్ లాంటి సెట్టింగుల విలువలు, క్రాన్‌కు అందవు. 2022లో వచ్చిన జావా 18 నుంచి డిఫాల్ట్ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అయింది. అంతకు ముందు జావా కూడా లొకేల్‌నే అడిగేది, పాత వెర్షన్లు ఇంకా చాలాచోట్ల నడుస్తున్నాయి.

వ్యాఖ్యాత: తప్పు అప్లికేషన్‌దా, సిస్‌లాగ్‌దా అని తేల్చడానికి సులువైన పరీక్ష ఏదైనా ఉందా?

అతిథి: ఉంది. అదే సర్వర్‌లో లాగర్ అనే కమాండ్‌తో "వరంగల్" అని పంపి, ఫైల్లో 18 బైట్లూ పడ్డాయో లేదో చూడాలి. పడితే సిస్‌లాగ్ మీద అనుమానం చాలావరకు తీరిపోయినట్టే, ఇక అప్లికేషన్ వైపు తిరగాలి. సీ భాషలో రాసిన ప్రోగ్రాముల్లో నేను ముందుగా వెతికేది వేరే తప్పు. పత్తి కొనుగోళ్లలో తేమ శాతం రాయని రశీదు ఉండదు కదా. ఇంగ్లీషు లిపిలో "8% డ్రై" అన్న సందేశాన్ని సిస్‌లాగ్ ఫంక్షన్‌కు నేరుగా ఫార్మాట్‌గా ఇచ్చారనుకో. శాతం గుర్తు, ఆ వెనుక ఖాళీ, దాని వెనుక డి అక్షరం కలిస్తే, సీ భాషలో అచ్చు వేసే ప్రింట్‌ఎఫ్ లెక్కలో అది ఇక్కడొక సంఖ్య వేయమన్న ఆదేశం. ఇవ్వని సంఖ్యను అది ఎక్కడినుంచో తెచ్చి వేస్తుంది, డి అక్షరం మాత్రం మాయమవుతుంది. ఇది భద్రతా లోపం కూడా. ఫార్మాట్‌గా శాతం-ఎస్ (%s) ఇచ్చి, సందేశాన్ని దాని తర్వాత విడిగా ఇస్తే సరిపోతుంది.

వ్యాఖ్యాత: ఒక్కోసారి సందేశం బాగుండి, దాని ముందు ఉండే ప్రోగ్రామ్ పేరు మాత్రమే చెడిపోతుంది.

అతిథి: అది ప్రోగ్రామ్ పేరును సిస్‌లాగ్‌కు చెప్పే ఓపెన్‌లాగ్ అనే ఫంక్షన్ వల్ల జరుగుతుంది. మనం ఇచ్చిన పేరును అది సాధారణంగా కాపీ చేసుకోదు, చిరునామాను మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది. ఆ చిరునామాలోని మెమరీని మనం ఖాళీ చేసేస్తే, ఆ తర్వాత అక్కడ ఏముంటే అదే పేరుగా అచ్చవుతుంది.

వ్యాఖ్యాత: #012, #033 లాంటివి కూడా కనిపిస్తాయి కదా. వాటిని ఆఫ్ చేయమని చాలామంది సలహా ఇస్తుంటారు.

అతిథి: మొదటిది కొత్త వరుస గుర్తు, రెండోది టెర్మినల్ రంగుల కోసం వాడే ఎస్కేప్. రంగులను అప్లికేషన్‌లోనే మానిపించడం మంచిది. ఇలాంటి కంట్రోల్ అక్షరాలను సంఖ్యలుగా మార్చి రాసే రక్షణను తీసేయడం మాత్రం నాకు నచ్చదు. దాన్ని తీసేస్తే, పేరు రాసే గడిలో ఎవరైనా కొత్త వరుస చొప్పించి లాగ్‌లో దొంగ వరుసను పుట్టించే అవకాశం ఉంటుంది. ఎక్సెప్షన్, అంటే ప్రోగ్రామ్ ఇచ్చే పొడవైన తప్పు వివరం, మొత్తం ఒకే వరుసలో రావడం కంటికి ఇబ్బందే కానీ, అది భరించదగిన ఇబ్బంది.

వ్యాఖ్యాత: పొడవైన సందేశాల చివర నల్ల వజ్రంలో ప్రశ్నార్థకం వస్తే?

అతిథి: సందేశం అక్షరం మధ్యలో తెగిందన్నమాట. సిస్‌లాగ్ సందేశాల రూపాన్ని వివరించే 2001 నాటి ఆర్‌ఎఫ్‌సీ 3164 అనే పత్రం ప్రకారం ప్యాకెట్ 1024 బైట్లు దాటకూడదు. తెలుగులో అది సుమారు 340 సంకేతాలతో సరి. 2009లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 5424 ఇంకా పెద్ద సందేశాలను అనుమతించింది, యూటీఎఫ్-8 వాడకాన్నీ స్పష్టం చేసింది. దారిలో పాత పరికరం ఒక్కటి ఉన్నా కోత తప్పకపోవచ్చు.

వ్యాఖ్యాత: ఇప్పటికే పాడైన పాత లాగ్‌లను బాగుచేయగలమా?

అతిథి: అష్టాంశ సంఖ్యలుగా మారినవాటిని చిన్న స్క్రిప్ట్‌తో తిరిగి అక్షరాలుగా మార్చవచ్చు. ప్రశ్నార్థకాలుగా మారినవి మాత్రం తిరిగి రావు. రశీదు సంఖ్య మిగిలి ఉంటే డేటాబేస్‌లో వెతికి పేరు తెచ్చుకోవాలి. అందుకే రశీదు సంఖ్యను సందేశం మొదట్లోనే, అంకెల్లోనే రాయమని డెవలపర్లకు చెప్తుంటాను.