గడ్డ రెండు సెంటీమీటర్లే, మరి నాలుగో స్టేజ్ ఎలా?

నమస్కారం అండీ. ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలగానే ఇంట్లోవాళ్లు మొదట అడిగేది "ఎన్నో స్టేజ్ సార్?" అనే. జవాబు వినగానే ఇంకో ప్రశ్న: "గడ్డ రెండు సెంటీమీటర్లే కదా, నాలుగో స్టేజ్ అంటారేంటి?" ఈ రోజు ఆ రెండో ప్రశ్న గురించే మాట్లాడుకుందాం.

స్టేజ్ చెప్పడానికి డాక్టర్లు మూడు అక్షరాలు చూస్తారు. టి అంటే గడ్డ: 3 సెంటీమీటర్ల లోపే ఉందా, 7 దాటిందా, ఛాతీ గోడను పట్టుకుందా అని. ఎన్ అంటే లింఫ్ గ్రంథులు (ఇన్ఫెక్షన్లతో పోరాడే చిన్న బిళ్లలు): వాటికి క్యాన్సర్ చేరిందా అని. ఎమ్ అంటే దూరంగా పాకడం.

అసలు కథ ఎన్‌లో ఉంటుంది. గడ్డ ఉన్నవైపు ఊపిరితిత్తి దగ్గరి గ్రంథుల్లోనే ఆగితే ఒక లెక్క. ఛాతీ మధ్య గ్రంథులకు చేరితే ఇంకో లెక్క. అవతలి వైపు గ్రంథులకో, మెడ కింది ఎముకకు పైనున్న గ్రంథులకో వెళ్తే మూడో స్టేజ్‌కి తగ్గదు, సాధారణంగా ఆపరేషన్ మాట పక్కన పెట్టేస్తారు. సీటీ తీశాక మళ్లీ పెట్ స్కాన్, మెదడు ఎమ్మారై ఎందుకని విసుక్కుంటాం గానీ, క్యాన్సర్ ఎక్కడెక్కడికి పాకిందో చూడటానికే అవి; అవి లేకుండా చెప్పే స్టేజ్ సగం ఊహే.

ఇక ఎమ్. ఊపిరితిత్తి పొరల మధ్య నీరు చేరి, అందులో క్యాన్సర్ కణాలు కనిపిస్తే గడ్డ ఎంత చిన్నదైనా నాలుగో స్టేజే. అదే 8 సెంటీమీటర్ల గడ్డ ఎక్కడికీ పాకకపోతే మూడో స్టేజ్‌లోనే ఉండొచ్చు! అలాగని నీరు కనబడగానే బెంబేలెత్తకండి, టీబీలోనూ నీరు చేరుతుంది. దీనికి రివర్సూ జరుగుతుంది: దగ్గు, నీరు చూసి టీబీ అనుకుని నెలల తరబడి మందులు వాడాక క్యాన్సర్ బయటపడే కేసులు మన దగ్గర తక్కువేం కాదు. తీసిన నీటిని పరీక్షకు పంపారా లేదా అని తప్పకుండా అడగండి.

నాలుగో స్టేజ్ అన్నా అందరిదీ ఒకే దారి కాదు. బయాప్సీ ముక్కలో ఈజీఎఫ్ఆర్, ఆల్క్ లాంటి జన్యు మార్పులు దొరికితే రోజూ వేసుకునే మాత్రలతో కొందరు ఏళ్లపాటు పనులు చేసుకుంటూ ఉన్నారు. సిగరెట్ ముట్టనివాళ్లలో ఈ మార్పులు ఎక్కువగా కనిపిస్తాయి. కాబట్టి ఈసారి డాక్టర్ని కలిసినప్పుడు "ఎన్నో స్టేజ్" దగ్గరే ఆగకండి. టి ఎంత, ఎన్ ఎంత, ఎమ్ ఎంత, జన్యు పరీక్షకు పంపారా అని నాలుగూ కాగితం మీద రాయించుకోండి.