గడ్డ మీద కత్తి పెట్టే ముందు

శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు వైపు నుంచి వచ్చిన డాక్టర్లకూ విశాఖ సర్జన్లకూ నమస్కారం.

పిల్లల మెత్తటి కణజాలంలో పుట్టే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది రాబ్డోమయోసార్కోమా. సగానికి పైగా పదేళ్లలోపు వాళ్లకే వస్తుంది. అయినా అరుదే కాబట్టి మొదటిసారి చూసినప్పుడు కొవ్వు గడ్డనో, సెగ్గడ్డనో అనుకుంటాం. తల్లి కూడా "ఆడుకుంటూ పడ్డాడండీ" అంటుంది. దెబ్బకు కట్టిన నెత్తురైతే రెండు మూడు వారాల్లో తగ్గుముఖం పట్టాలి. తగ్గకుండా పెరుగుతుంటే అల్ట్రాసౌండ్, లోపల గట్టి కణితి కనిపిస్తే ఎమ్మారై. రోజుల్లోనే ముందుకు పొడుచుకొచ్చిన కన్ను, ఒకే ముక్కులోంచి నెత్తురు, మందులకు లొంగని చెవి చీము, ఆడపిల్ల యోనిలోంచి ద్రాక్షగుత్తిలా జారే కండ, ఇవన్నీ దీని ముఖాలే.

అసలు చిక్కు ఇక్కడే. చేతి మీదో తొడ మీదో గడ్డను స్కాన్ లేకుండా అడ్డంగా కోసి, ఒలిచి తీసేస్తారు. అంచుల్లో కణాలు మిగులుతాయి, కోసిన దారంతా అంటుకుంటాయి. తర్వాత తీసిన ఎమ్మారైలో వాపేదో, మిగిలిన కణితేదో తేలదు. మళ్లీ పెద్ద ఆపరేషన్, రేడియేషన్ కూడా ఇంకా వెడల్పుగా.

కాబట్టి ముందు ఎమ్మారై, తర్వాతే పరీక్షకు ముక్క తీయడం (బయాప్సీ). అదీ ఆపరేషన్ చేయబోయే సర్జన్‌తో మాట్లాడాకే. మత్తిచ్చి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ 14 లేదా 16 గేజ్ కోర్ సూదితో నాలుగైదు ముక్కలు తీయాలి. సూది దిగే చోటు రేపటి కోత గీత మీదే ఉండాలి. కోసి తీయాల్సి వస్తే కాలూ చేతుల్లో కోత నిలువుగానే. సన్న సూదితో కణాలు పీల్చే ఎఫ్ఎన్ఏసీతో సరిపెట్టొద్దు, జన్యు పరీక్షలకు కణజాలం చాలదు. ముక్కకు పదింతలు 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్ పోయండి. సెలైన్‌లోనో స్పిరిట్‌లోనో పంపిన ముక్క చాలాసార్లు వృథానే.

మైక్రోస్కోపు కింద ఈ జబ్బు కణాలు నీలంగా, చిన్నగా, గుండ్రంగా కనిపిస్తాయి. లింఫోమా, ఈవింగ్ సార్కోమా కణాలూ అలాగే ఉంటాయి. అందుకే కండర కణాల గుర్తులైన డెస్మిన్, మయోజెనిన్, మయోడీ1 కోసం రంగు పరీక్షలు. మయోజెనిన్ రంగు కేంద్రకంలో పట్టాలి, చుట్టూ పడితే లెక్కలోకి రాదు. ఫాక్సో1 జన్యువు మరో జన్యువుతో అతుక్కుని ఉంటే జబ్బు మొండిది, చికిత్స తీవ్రత పెంచాల్సి రావచ్చు. ఏడాదిలోపు బిడ్డలో సాగిన కణాల కణితైతే ఎన్‌టీఆర్‌కే (NTRK) అనే జన్యువు అతుకు పరీక్ష అడగండి. అది తేలితే దాని మీద పనిచేసే లారోట్రెక్టినిబ్ మందు ఉంది, చెయ్యి తీసేసే అవసరం తప్పొచ్చు.

ఛాతీ సీటీ, రెండు వైపులా ఎముక మజ్జ పరీక్ష అయ్యాక విన్‌క్రిస్టిన్, యాక్టినోమైసిన్-డి, సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందులు మొదలవుతాయి. విన్‌క్రిస్టిన్ ఒంటి వైశాల్యం చదరపు మీటరుకు 1.5 మి.గ్రా., ఎంతైనా 2 మి.గ్రా. దాటదు. పసిబిడ్డలకు బరువు లెక్క వేరు. సిరలోకే, చిన్న సెలైన్ బ్యాగులో కలిపి ఇవ్వాలి. సిరంజిలో ఉంచితే పొరపాటున వెన్నులోకి వెళ్లొచ్చు, వెళితే ప్రాణమే పోతుంది. వోరికోనజోల్ లాంటి ఫంగస్ మందుతో కలిస్తే నరాలు దెబ్బతింటాయి. యాక్టినోమైసిన్ తర్వాత బరువు పెరిగి, కాలేయం నొప్పెట్టి, కామెర్లొస్తే తర్వాతి డోసు ఆపాలి.

గడ్డ కరిగింది కదా అని రేడియేషన్ మానేసేవాళ్లున్నారు. చాలామందిలో జబ్బు తిరగబెట్టేది అక్కడే. రోజుకు 1.8 గ్రే (రేడియేషన్ కొలత) చొప్పున 50.4 గ్రే అంటే 28 రోజులు, పసివాడికి రోజూ మత్తు. క్యాన్సర్ ఆసుపత్రి ఉన్న అగనంపూడి దగ్గర వాళ్లకు గది చూసిపెట్టడం కూడా చికిత్సలో భాగమే, నా లెక్కలో.

కీమో పడ్డ బిడ్డకు జ్వరం 38.3 డిగ్రీల సెల్సియస్ దాటితే పారాసిటమాల్ ఇచ్చి పంపకండి. కండకు ఇంజెక్షన్ వద్దు. పాడేరు ఘాట్ రోడ్డు దిగేదాకా ఆగొద్దు. గంటలోపు యాంటీబయాటిక్ మొదటి డోసు మీ దగ్గరే సిరలోకి ఎక్కించి, ఎన్నింటికి ఇచ్చారో చీటీ మీద రాసి అంబులెన్సు ఎక్కించండి.