అడ్వాన్స్ కట్టే ముందు

శ్రోతలకు నమస్కారం.

మా అక్క కొడుకు దీపావళి వెళ్లిన వారానికి నాకు ఫోన్ చేశాడు. వాడికి 28 ఏళ్లు. ఫాల్గుణంలో పెళ్లి. "పిన్నీ, రేపు హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ కన్సల్టేషన్‌కి వెళ్తున్నా. రేపే అడ్వాన్స్ కడితే 20 శాతం తగ్గిస్తారట" అన్నాడు. నేను ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ప్లాస్టిక్ సర్జరీ వార్డు నర్సుగా 22 ఏళ్లు పనిచేశాను. అందుకే నాతో ఒక మాట చెప్పి వెళ్దామనుకున్నాడు. "వెళ్లు నాన్నా. కానీ రేపు ఒక్క రూపాయి కూడా కట్టకు. ఒక కాగితం రాసుకుని వెళ్లు" అన్నాను.

జుట్టు నాటించుకోవడం లాంటి, అందం కోసం చేయించుకునే ఆపరేషన్లకు డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు ఆ కాగితంలో ఏం ఉండాలో మీకూ చెబుదామని వచ్చాను.

ముక్కు సరిచేయించుకోవాలనో, పొట్ట దగ్గర కొవ్వు తీయించుకోవాలనో ఎవరైనా అంటే, "ఉన్న అందం చాలదా" అనే మాట మన ఇళ్లల్లో వెంటనే వస్తుంది. నేను ఆ మాట అనను. ఛాతీ పెరిగిందని నడి ఎండాకాలంలో కూడా చొక్కా కింద రెండు బనీన్లు వేసుకుని కాలేజీకి వెళ్లే కుర్రాళ్లను చూశాను. ఆ బాధ నిజం. అయితే జ్వరం వచ్చి డాక్టరు దగ్గరికి వెళ్లడం వేరు, దీనికి వెళ్లడం వేరు. జ్వరానికి ఏం చేయాలో డాక్టరు చెబుతారు. ఇక్కడ ఏం కావాలో మొదట మనమే చెప్పాలి. మనం తేల్చుకోకుండా వెళ్తే అవతలివాళ్లే తేల్చేస్తారు.

కాబట్టి కాగితం మీద మొదటి వాక్యం అదే రాయండి. "అందంగా కనబడాలి" అని రాస్తే డాక్టరుకు ఏమీ అర్థం కాదు. "ముక్కు మధ్యలో ఎముక ఎత్తుగా ఉంది, పక్కనుంచి తీసిన ఫోటోల్లో అది నన్ను బాధపెడుతోంది, పదో తరగతి నుంచీ" అని రాస్తే అర్థమవుతుంది. అది రాసేటప్పుడే ఈ కోరిక మనదా, పెళ్లిచూపుల్లో ఎవరో అన్న మాట వల్ల పుట్టిందా అనేది కూడా బయటపడుతుంది. రోజులో ఎక్కువసేపు అద్దం ముందే గడిచిపోతుంటే, ఆ లోపం మీకు తప్ప ఇంకెవరికీ కనబడకపోతుంటే, అదీ దాచకుండా చెప్పండి. అలాంటప్పుడు కత్తి కంటే ముందు మానసిక వైద్యుల సాయం కావాలి. మంచి సర్జన్ ఆ సంగతి తనంతట తనే అడుగుతారు.

సెల్ఫీ చూసి ముక్కు పెద్దదని నిర్ణయానికి రాకండి. ఫోన్ ముఖానికి దగ్గరగా ఉంటే ముక్కు అసలు కంటే వెడల్పుగా పడుతుంది. నాలుగైదు అడుగుల దూరంలో మరొకరిని నిలబెట్టి, ఎదురుగా ఒకటి, పక్కలనుంచి రెండు, ఫిల్టర్ లేకుండా తీయించుకుని అవి తీసుకెళ్లండి.

ఇక ఆరోగ్యం సంగతి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మనవాళ్లు దాచేది ఇక్కడే.

వార్డులో ఒక అబ్బాయికి పాత కాలిన మచ్చ దగ్గర బిగుసుకున్న చర్మాన్ని సరిచేశారు. ఆపరేషన్‌కు ముందు డాక్టరుగారు "సిగరెట్ అలవాటుందా" అని అడిగితే లేదన్నాడు. పక్కన వాళ్ల నాన్న నిలబడి ఉన్నాడు మరి. నాలుగో రోజుకు కుట్ల అంచులు నల్లబడ్డాయి. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న నన్ను పిలిచి, "సిస్టర్, నేను రోజుకో పెట్టె తాగుతాను" అన్నాడు. నికోటిన్ సన్నని రక్తనాళాలను ముడిచేస్తుంది. కోసి కుట్టిన చర్మానికి రక్తం చాలక అంచులు చచ్చిపోవచ్చు. గుట్కాలో, ఖైనీలో ఉండేదీ ఆ నికోటినే. మామూలుగా కనీసం నాలుగు వారాల ముందే మానమంటారు.

అందుకని ఇంట్లోవాళ్లతో వెళ్లినా, "డాక్టరుగారూ, రెండు నిమిషాలు మీతో విడిగా మాట్లాడాలి" అని అడగండి. అడిగితే తప్పేమీ కాదు. గర్భనిరోధక మాత్రలు వాడే అమ్మాయి అమ్మ ముందు ఆ సంగతి చెప్పలేకపోవచ్చు. కానీ కొన్ని ఆపరేషన్ల తర్వాత కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది, ఆ మాత్రలు దాన్ని పెంచుతాయి. డాక్టరుకు అది తెలియాలి.

వాడుతున్న మందులన్నీ స్ట్రిప్పులతో సహా సంచిలో వేసుకెళ్లండి. గుండెకు వాడే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి ఉంటే రక్తం ఎక్కువ కారవచ్చు. అలాగని వాటిని మీ అంతట మీరే ఆపకండి, అది ఇంకా ప్రమాదం. ఆ మందు రాసిన డాక్టరూ సర్జనూ మాట్లాడుకుని చెప్పాలి. చేపనూనె మాత్రలు, విటమిన్ ఇ, ఊళ్లో ఎవరో ఇచ్చిన చూర్ణం, మొటిమలకు వాడుతున్న ఐసోట్రెటినాయిన్, ఏదీ వదలకండి. చెవులు కుట్టించినచోట గానీ, పాత దెబ్బ మానినచోట గానీ బుడిపెలా లేచిందా? అదీ చూపించండి. దాన్ని కీలాయిడ్ అంటారు. మన చర్మాల్లో ఇది తరచూ చూస్తాం. ఆ తత్వం ఉన్నవాళ్లకు ఆపరేషన్ మచ్చ కూడా అలాగే లేవవచ్చు.

కాగితం రెండోవైపు మనం అడగాల్సినవి. మొదటిది, నాకు ఆపరేషన్ చేసేది ఎవరు? చాలాచోట్ల ముందు కౌన్సెలర్ కూర్చోబెట్టి మాట్లాడతారు. వాళ్లు డాక్టర్లు కారు. డాక్టరు పేరు, చదువు, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడిగి రాసుకోండి. జుట్టు నాటడంతో సహా ఇలాంటి పనులను వర్క్‌షాపుల్లోనో యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకుంటే శిక్షణ కింద లెక్క కాదని, దేశంలో డాక్టర్ల చదువునూ వృత్తినీ పర్యవేక్షించే నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే స్పష్టంగా చెప్పింది. ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ గానీ, అంటే ఆ సర్జరీలో పైచదువు, చేశారా, చర్మవైద్యులైతే ఈ పనిలో శిక్షణ పొందారా అని అడగండి. అసలైన డాక్టరు ఈ ప్రశ్నకు నొచ్చుకోరు. మత్తు ఇచ్చేదెవరు, అనుకోనిది జరిగితే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు, ఫలితం తేడాగా వస్తే మళ్లీ సరిచేయడానికి డబ్బు ఎవరు పెట్టుకోవాలి అనేవి కూడా అడగండి. నా ఫోటోలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టకూడదని మీరు అనుకుంటే సంతకం పెట్టే కాగితంలోనే రాయించండి.

ఖర్చు దగ్గర చాలామంది మోసపోయామనుకుంటారు. అందం కోసం చేయించుకునే సర్జరీకి 18 శాతం జీఎస్టీ ఉంది. ప్యాకేజీలో అది కలిపారో లేదో తెలుసుకోండి. ఆరోగ్య బీమా సాధారణంగా వీటికి వర్తించదు. ప్రమాదం, కాలిన గాయం, క్యాన్సర్ తర్వాత సరిచేసే సర్జరీ అయితే వేరు. అలాంటి వాళ్లు పాలసీ కాగితం వెంట తీసుకెళ్లండి. కొవ్వు తీయించుకోవాలనుకునేవాళ్లకు ఒక్క మాట: లైపోసక్షన్ బరువు తగ్గించే వైద్యం కాదు.

మా వాడి సంగతి చెప్తాను. మొదటిచోట కౌన్సెలర్ ముప్పావుగంట మాట్లాడారట, డాక్టరు ఐదు నిమిషాలు. వాడు కాగితం తీసి, "ఫాల్గుణానికి జుట్టు వచ్చేస్తుందా" అని అడిగితే, "అన్నీ అయిపోతాయి సార్" అన్నారట. నాకిచ్చిన మాట ప్రకారం డబ్బు కట్టకుండా వచ్చేశాడు.

వారం తర్వాత ఒక చర్మవైద్యురాలి దగ్గరికి వెళ్లి అదే ప్రశ్న అడిగాడు. ఆవిడ క్యాలెండర్ ముందు పెట్టి చూపించారు. నాటిన వెంట్రుకలు మొదటి కొన్ని వారాల్లో చాలావరకు రాలిపోతాయి. కుదుళ్లు లోపలే ఉంటాయి. మూడు నాలుగు నెలలకు మళ్లీ మొలవడం మొదలవుతుంది. పూర్తిగా కనబడటానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది. అంటే పెళ్లినాటికి కనబడేంతగా ఏమీ రాదు. పైగా తల వెనక నుంచి తీయగల జుట్టు అందరికీ కొంతే ఉంటుంది. నీ జుట్టు ఇంకా రాలుతూనే ఉంది, ముందు మందులతో దాన్ని ఆపుదాం, లేకపోతే నుదుటి దగ్గర నాటిన వరస మిగిలి వెనక ఖాళీ అవుతుంది అన్నారట.

ఆ సాయంత్రమే వాడు పెళ్లి చేసుకోబోయే అమ్మాయికి అంతా చెప్పేశాడు. పెళ్లయ్యాక ఇద్దరూ కలిసి వెళ్దామంది. మొన్న ఇంటికి వచ్చినప్పుడు ఆ కాగితం చూపించాడు. మడతలు పడి నలిగిపోయింది. నేను చెప్పిన ప్రశ్నల కింద ఆ అమ్మాయి చేతిరాతలో ఒకటి చేరింది: "ఆపరేషన్ అయ్యాక ఎన్ని రోజులు హెల్మెట్ పెట్టుకోకూడదు? ఆఫీసుకు బైక్ మీద వెళ్తాడు."