ఒకే ఇంట్లో మూడు కార్డులు

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు నమస్కారం. అందరి పేర్లూ చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ అందులోనే పోతాయి, ఏమీ అనుకోకండి. పెన్షనర్ల హెల్త్ కార్డుల గురించి రెండు ముక్కలు చెప్పమన్నారు. చెప్తాను గానీ ముందు మా ఇంటి సంగతి వినండి.

నాది టీచర్ పెన్షనర్ కార్డు. తమ్ముడిది ఆరోగ్యశ్రీ. హైదరాబాద్‌లో ఉండే మా అబ్బాయికి కంపెనీ ఇన్సూరెన్స్. పోయినేడు తమ్ముడి కోడలు దేవరకొండ రోడ్డులో బండి మీంచి పడితే తొడ ఎముక విరిగింది. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకుపోయాం, పేరెందుకులెండి. ఆ పిల్ల స్ట్రెచర్ మీద పళ్లు బిగబట్టుకుని ఉంటే కౌంటర్‌లో కుర్రాడు తలెత్తకుండా అడిగిన మొదటి మాట, "క్యాషా, ఇన్సూరెన్సా, ఆరోగ్యశ్రీనా?" ఏమైందని కాదు!

పెళ్లై మూడేళ్లు, పుట్టింటి రేషన్ కార్డులోంచి పేరు తీసేశారు, అత్తింటి కార్డులో ఎక్కలేదు. నా కార్డు ఇస్తే "మీకేమైతది సార్?" అన్నాడు. తమ్ముడి కోడలంటే నాకూ కోడలే నాయనా, కానీ కంప్యూటర్‌కు ఆ వరస తెలియదు. చివరికి పుస్తెలతాడు కుదువపెట్టారు, నూటికి రెండు రూపాయల వడ్డీ.

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మన పక్క పాలమూరు ఒకటి. 2023 డిసెంబర్‌లో పరిమితి 10 లక్షలు చేశారు. మంచిదే, నేను కాదనను. కానీ కార్డులో పేరు లేనివాళ్లకు పది లక్షలైతేనేం, కోటి అయితేనేం?

రాష్ట్రంలో ఉన్నోళ్లందరికీ ఒకే ఖాతా ఉండాలి, ఆస్పత్రి ఎవరిదైనా బిల్లు కట్టేది ప్రభుత్వ సంస్థ ఒక్కటే కావాలి. నేనడిగేది ఇదే. కెనడాలో సస్కాచెవాన్ అని గోధుమ పండించే రాష్ట్రం. అక్కడి ఒకప్పటి ముఖ్యమంత్రి టామీ డగ్లస్‌కు చిన్నప్పుడు కాలి ఎముకకు జబ్బు చేసి కాలు తీసేయాల్సి వస్తే, మా విద్యార్థులకు చూపించుకుంటానని ఒక సర్జన్ ఉచితంగా ఆపరేషన్ చేసి కాలు నిలబెట్టాడట. తల్లిదండ్రుల దగ్గర డబ్బుల్లేవు. ఆ కాలే ఆయనతో ఈ పని చేయించింది. 1947లో ఆస్పత్రి బిల్లులు, 1962లో డాక్టర్ ఫీజులు కూడా ప్రభుత్వమే కట్టడం మొదలుపెట్టింది. డాక్టర్లు 23 రోజులు సమ్మె చేశారు, అయినా ఆగలేదు.

అమెరికాలో వెర్మాంట్ అనే రాష్ట్రం మాత్రం 2011లో ఇలాంటి చట్టమే చేసి, యాజమాన్యాల మీద 11.5 శాతం పన్ను వేయాల్సి వస్తుందని లెక్క తేలేసరికి 2014లో చేతులెత్తేసింది. కాబట్టి పన్ను కట్టాల్సొస్తుంది, దాచను. ఇక్కడ చేతులెత్తండి, ఆస్పత్రి కోసం ఎప్పుడూ అప్పు చేయనోళ్లు ఎందరు? ...చూశారా.

అధ్యక్షుల వారు గంట కొడుతున్నారు, అయిపోయింది. పెన్షనర్ల కార్డుల సంగతి కార్యదర్శి గారు చెప్తారు. అన్నట్టు ఆ పిల్ల పేరు పోయిన నెల కార్డులో ఎక్కింది. పుస్తెలతాడు ఇంకా సేటు దగ్గరే ఉంది.