సేవ మానేశానని అనకండి

అందరికీ వందనాలు. వేదిక మీదున్న పాస్టర్ గార్లకు, సంఘ పెద్దలకు, హనుమకొండ, కాజీపేట, హసన్‌పర్తి నుంచి వచ్చిన సహోదరీ సహోదరులకు, నర్సింగ్ చదువుతున్న పిల్లలకు నమస్కారం.

మే 12, నర్సుల దినోత్సవం కాబట్టి ఆధునిక నర్సింగ్‌కు బాట వేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ గురించి మాట్లాడమన్నారు. ఆమె 1820లో ఇదే రోజున పుట్టింది. పదహారేళ్లప్పుడు తనకు దేవుని పిలుపు వచ్చిందని నమ్మింది. ఇంట్లోవాళ్లు చాలా ఏళ్లు అడ్డుపడ్డారు. చివరికి 1851లో జర్మనీలోని కైజర్స్‌వర్త్‌లో శిక్షణ తీసుకుంది. ఆ సంస్థను పెట్టింది ఒక పాస్టర్ గారు, ఫ్లీడ్‌నర్. నేను ఈ ఒక్క సంగతే పట్టుకుంటాను. మిగతాది మీ పుస్తకాల్లో ఉంది.

నేను థియాలజీ, అంటే పాస్టర్ కావడానికి చదివే బైబిల్ చదువు చదివాను. తర్వాత నర్సింగ్‌లో చేరాను. అప్పటినుంచి పెళ్లిలో కలిసినా, సమాధి కార్యక్రమంలో కలిసినా ఒకటే మాట: "సేవ ఎందుకు మానేసినవ్ తమ్మీ?" సేవ అంటే వాళ్ల లెక్కలో సంఘంలో వాక్యం చెప్పే పనే. అడిగేవాళ్లు ప్రేమతోనే అడుగుతారు. అయినా బాధగా ఉంటుంది.

లూకా సువార్త పదో అధ్యాయం మనందరికీ కంఠతా వచ్చు. దొంగలు కొట్టి పడేసిన మనిషికి సమరయుడు గాయాలు కట్టి సత్రంలో చేర్చాడు, మర్నాడు రెండు దేనారాలు ఇచ్చి ప్రయాణమైపోయాడు. ఆ తర్వాత ఆ మనిషికి గంజి పోసిందెవరు, కట్లు మార్చిందెవరు? పూటకూళ్లవాడు, ఆ సత్రం నడిపేవాడు. అతని మీద ప్రసంగం నేను ఇంతవరకు వినలేదు. బైబిల్ విద్యార్థులుగా మేము ఆసుపత్రి వార్డుకు వెళ్లి ప్రార్థన చేసి హాస్టల్‌కు వచ్చేసేవాళ్లం. రాత్రంతా రోగిని పక్కకు తిప్పేది, తల్లికి ధైర్యం చెప్పేది సిస్టరమ్మ. ఆ పని నాకు కావాలనిపించింది, వెళ్లాను.

ఒక విషయం చెప్పాలి, సమయం దాటినా క్షమించండి. మా వార్డుకు ఒక యువకుడు రక్తం కక్కుతూ వచ్చాడు. టీబీ. రెండు నెలలు మాత్రలు మింగాడు, దగ్గు తగ్గింది, ఒళ్లు చేసింది. అప్పుడు ఒక కూడికలో ఎవరో "ఇంకా మందులు మింగుతున్నవంటే నీకు విశ్వాసం లేనట్టే" అన్నారట. బంద్ చేశాడు. "దేవుని మాటే అనుకున్నం బిడ్డా" అని వాళ్లమ్మ నా చేతులు పట్టుకుంది. దగ్గు పోయినా క్రిములు లోపల బతికే ఉంటాయి. మామూలు టీబీకి ఆరు నెలలు మందులు వాడాలి. మధ్యలో ఆపితే జబ్బు తిరగబెడుతుంది, అవే మందులకు లొంగకుండానూ పోవచ్చు. ఇక్కడున్న పాస్టర్ గార్లను చేతులు జోడించి అడుగుతున్నాను: ప్రార్థన చేయండి, చేశాక "ఈ రోజు మాత్ర వేసుకున్నవా?" అని అడగండి. మీరు అడిగితే వింటారు. మేము చెప్తే సగమే వింటారు.

మన దగ్గర ప్రార్థన, వైద్యం రెండూ కలిసే నడిచాయి. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి చూసినవాళ్లు చేతులెత్తండి. ఇసాబెల్ కెర్ అనే స్కాట్లండ్ డాక్టరమ్మ, మిషనరీ అయిన భర్త జార్జి కెర్ కలిసి 1915లో అక్కడ కుష్ఠురోగులకు ఆసుపత్రి తెరిచారు. రాజా నర్సాగౌడ్ గారు అండగా నిలిచారు. ఊళ్లు వెళ్లగొట్టిన మనుషులకు చాల్‌మోగ్రా జాతి చెట్ల గింజల నూనె సూదులు వేసేవారు. చాలా నొప్పి పెట్టే సూదులవి. ఇప్పుడైతే ఆరు నెలలో, పన్నెండు నెలలో మాత్రలు మింగితే కుష్ఠు నయమవుతుంది. ఆమె 1932లో కన్నుమూసేదాకా ఆ పని వదల్లేదు. ఆమెను సేవ మానేసిందని ఎవరైనా అన్నారా?

బైబిల్ కాలేజీల్లో చదువుతూ, రోగుల దగ్గరే ఉండాలని మనసు లాగే పిల్లలు మీ సంఘాల్లో ఉన్నారు. భయంతో చెప్పరు. వాళ్లను ఆపకండి, సాక్ష్యం చెప్పించి ప్రార్థనతో పంపండి. జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా మూడేళ్ల కోర్సు. ఇంటర్ ఏ గ్రూపైనా ఫర్వాలేదు, ఇంగ్లిష్‌తో సహా పాసై, మొత్తం మీద 40 శాతం మార్కులుండాలి. వయసు 35 దాటకూడదు. థియాలజీ సర్టిఫికెట్ ఉన్నా ఇంటర్ లేకపోతే సీటు రాదు, అలాంటివాళ్లు ముందు ఓపెన్ స్కూల్లో ఇంటర్‌కు ఫీజు కట్టండి.

భోజనాలయ్యాక నేను బయట పందిరి కిందే ఉంటాను. ఇంటర్ మెమో ఉన్నవాళ్లు ఫోన్‌లో ఫొటో అయినా చూపించండి. ముప్పై మూడు, ముప్పై నాలుగు ఏళ్లవాళ్లు మాత్రం భోజనానికి ముందే రండి.