నడుము నొప్పి, మనసు బాధ

శ్రోతలకు నమస్కారం.

చేతిలో పెన్ను జారి కింద పడిందనుకోండి. వంగి తీసుకుంటాం, అంతే. ఏడాదిగా నడుము నొప్పి పడుతున్న మనిషి మాత్రం ముందు ఆ పెన్ను వంక చూస్తాడు. బల్ల మీద చెయ్యి ఆనించి, ఊపిరి బిగబట్టి, మోకాళ్లు కాస్త మడిచి, మళ్లీ నిటారుగా నిలబడిపోతాడు. ఎవరైనా వచ్చాక తీయించుకుందాంలే అనుకుంటాడు. ఇంకా వంగనే లేదు, నొప్పి రానే లేదు. భయం మాత్రం వచ్చేసింది. ఈ రోజు నా మాటలన్నీ ఆ భయం గురించే.

మూడు నెలలు దాటినా తగ్గని నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో 2020 నాటికి 61.9 కోట్ల మందికి నడుము నొప్పి ఉంది. అందులో దాదాపు 90 శాతం కేసుల్లో ఫలానా ఎముక వల్లనో, వెన్నుపూసల మధ్య మెత్తగా ఉండే ఫలానా డిస్కు వల్లనో అని వేలు పెట్టి చూపించగల కారణం దొరకదు.

చిక్కంతా ఇక్కడే. స్కానింగ్‌లో ఏమీ లేదనగానే చుట్టూ ఉన్నవాళ్లు ‘అంతా నీ మనసులోనే ఉంది, టెన్షన్ పెట్టుకోకు’ అనేస్తారు. దయచేసి ఆ మాట అనకండి. నొప్పి ఒక పక్క, దాన్ని ఎవరూ నమ్మడం లేదన్న బాధ ఇంకో పక్క, రెండూ కలిస్తే మనిషి లోపల్లోపలే కుంగిపోతాడు. నొప్పికీ మనసుకీ సంబంధం ఉందనడం వేరు, నొప్పి అబద్ధం అనడం వేరు.

స్కానింగ్‌లో ఏదో కనిపించినా, నొప్పికి అదే కారణమని చెప్పలేం. 1994లో వెలువడిన ఒక అధ్యయనంలో నడుము నొప్పి లేని 98 మందికి ఎమ్మారై తీస్తే, సగానికి పైగా మందికి కనీసం ఒక చోట డిస్కు ఉబ్బి కనిపించింది. రిపోర్టులో ‘అరుగుదల’ అన్న ఒక్క మాట చదివి బెంగపెట్టుకున్నవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

వీపు నుంచి బయల్దేరిన సంకేతం వెన్నుపాము మీదుగా మెదడుకు చేరుతుంది. మధ్యలో ఆ సంకేతాన్ని పైకి వదిలే, లేదా ఆపే ఒక ద్వారం లాంటి ఏర్పాటు ఉందని 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. మెదడు నుంచి దిగివచ్చే సంకేతాలు కూడా నొప్పిని పెంచగలవు, తగ్గించగలవు. దిగులు, భయం, నిద్రలేమి దాన్ని పెంచుతాయి. నెలల తరబడి ఇలాగే సాగితే నరాల వ్యవస్థే అతి సున్నితంగా మారిపోతుంది. పాము కరిచినవాడు తాడును చూసినా ఉలిక్కిపడతాడు కదా! అది పాము కాకపోవచ్చు. కానీ ఆ ఉలికిపాటు నిజం, గుండెదడ నిజం. ఈ నొప్పీ అంతే నిజం.

ఇటు నుంచి అటు కూడా దారి ఉంది. నొప్పితో నిద్ర పట్టదు, పని తగ్గుతుంది, నలుగురిలోకి వెళ్లాలనిపించదు. కదలక కండరాలు బలహీనపడతాయి, దాంతో నొప్పి ఇంకా పెరుగుతుంది. డిప్రెషన్ మెల్లగా వచ్చి కూర్చుంటుంది. సెరటోనిన్, నార్‌ఎపినెఫ్రిన్ అనే రసాయనాలకు నొప్పిలోనూ దిగులులోనూ పాత్ర ఉంది. డులోక్సెటిన్ అనే మందును రెండింటికీ రాయడం అందుకే. డాక్టరు ఆ మందు రాస్తే మిమ్మల్ని నమ్మలేదని బాధపడకండి.

2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో వ్యాయామం, నొప్పి గురించిన అవగాహన, ఆలోచనల తీరు మార్చే మానసిక చికిత్స ఉన్నాయి. నడుముకు బెల్టులు కట్టడాన్ని, బరువులతో నడుమును లాగి ఉంచే ట్రాక్షన్‌ను వద్దంది. మన పెన్ను మనిషికైతే చికిత్స ఇలా మొదలవుతుంది: మొదట పెన్నును కుర్చీ మీద పెట్టి తీయడం, కొన్నాళ్లకు చిన్న స్టూలు మీద నుంచి, ఆ తర్వాత నేల మీద నుంచి. నడుముతో పాటు భయమూ కొంచెం కొంచెంగా సడలుతుంది.

కాళ్లలో బలం తగ్గినా, మూత్రం, మలం మీద అదుపు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. బతకాలనిపించడం లేదన్న ఆలోచన వచ్చినా అంతే, ఆలస్యం చేయవద్దు.

మీ ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే ‘ఇంకా తగ్గలేదా?’ అని అడగకండి. ‘రాత్రి నిద్ర పట్టిందా?’ అని అడగండి. జవాబు చెప్పేదాకా పక్కనే కూర్చోండి.

నమస్కారం.