వాసన పీలిస్తే ఒంట్లో ఏమవుతుంది? సుగంధ తైలాలపై స్టూడియో చర్చ

(చర్చలో పాల్గొన్నవారు: పిల్లల డాక్టర్, కెమిస్ట్రీ లెక్చరర్, నిమ్మగడ్డి సాగు చేసి సొంతంగా నూనె తీసే రైతు)

వ్యాఖ్యాత: అందరికీ నమస్కారం. 2021 ఏప్రిల్, మే నెలలు మనలో ఎవరూ మర్చిపోలేదు. ఆక్సిజన్ సిలిండర్ కోసం జనం ఊరంతా తిరుగుతున్న రోజుల్లో వాట్సాప్‌లో ఒక మెసేజ్ ఇంటింటికీ చేరింది. కర్పూరం, లవంగాలు, వాము గుడ్డలో మూట కట్టి, దాని మీద నీలగిరి తైలం రెండు చుక్కలు వేసి పీలుస్తూ ఉంటే ఒంట్లో ఆక్సిజన్ పెరుగుతుందని. ఆ మూటతోనే మొదలుపెడదాం. డాక్టర్ గారూ, అది పీల్చాక ఊపిరి తేలికైందని చాలామంది చెప్పారు. వాళ్ళు చెప్పింది అబద్ధమా?

డాక్టర్: అబద్ధం కాదండీ. ఊపిరి తేలికైనట్టు వాళ్ళకు నిజంగానే అనిపించింది. ఆక్సిజన్ మాత్రం పెరగదు. వేలికి పెట్టిన ఆక్సీమీటర్ 88 చూపిస్తుంటే, మూట పీల్చినందుకు అది 95 కాదు. నాకు భయం వేసేది ఎక్కడంటే, హాయిగా అనిపించేసరికి ఆసుపత్రికి బయల్దేరడం వాయిదా పడుతుంది. కొవిడ్‌లో అలాంటి వాయిదాలు ప్రాణాల మీదికి తెస్తాయి.

వ్యాఖ్యాత: గాలి పెరగకుండానే గాలి ఆడినట్టు ఎలా అనిపిస్తుంది సార్?

లెక్చరర్: ఇది చాలా అందమైన విషయం, రెండు నిమిషాలు తీసుకుంటాను. మన ముక్కు లోపల చల్లదనాన్ని పసిగట్టే నరాల కొసలున్నాయి. వాటి మీద టీఆర్‌పీఎం8 అనే ప్రొటీన్ ఉంటుంది. చల్లగాలి తగిలితే అది తెరుచుకుని మెదడుకు కబురు పంపుతుంది. పిప్పర్‌మెంట్‌లోని మెంథాల్, నీలగిరి తైలంలోని సినియోల్ తగిలినా తెరుచుకుంటుంది. అక్కడ చల్లదనం ఏమీ లేదు, కబురు మాత్రం వెళ్తుంది. ముక్కులో చల్లగా తగిలితే గాలి బాగా ఆడుతోందని మెదడు లెక్కేసుకుంటుంది. ఈ ప్రొటీన్‌ను 2002లో డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్ విడివిడిగా గుర్తించారు. స్పర్శ, ఉష్ణోగ్రతల మీద చేసిన పనికి ఆ ఇద్దరికే 2021 నోబెల్ వచ్చింది. అంతకు చాలా ముందే, 1980ల్లో, బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో మనుషులకు మెంథాల్ ఇచ్చి కొలిచారు. ముక్కు తెరుచుకుందని వాళ్ళు చెప్పారు, ముక్కులోంచి వెళ్ళే గాలిలో మాత్రం మార్పు లేదు.

వ్యాఖ్యాత: అయితే జలుబు చేసినప్పుడు బామ్ వాసన చూడటం దండగ అంటారా?

లెక్చరర్: అస్సలు కాదు. రాత్రి ముక్కు దిబ్బడతో నిద్ర పట్టనివాడికి తేలికగా అనిపించడమే కావాలి. పెద్దవాళ్ళకు అది మంచి ఉపశమనం. ఉపశమనం అని చెప్పి అమ్మితే నాకు పేచీ లేదు, వైద్యం అని చెప్పి అమ్మితేనే ఉంది.

వ్యాఖ్యాత: అసలీ నూనె ఆకులోంచి సీసాలోకి ఎలా వస్తుందో చూద్దాం. అన్నా, మీరు సీసా కూడా పట్టుకొచ్చారు. చెప్పండి.

రైతు: మాది మెట్ట భూమి, వాన మీదే ఆధారం. నిమ్మగడ్డి ఒకసారి నాటితే నాలుగైదేళ్ళు ఉంటుంది. పశువులు ముట్టవు, అదొక లాభం. కోశాక వెంటనే కాచము, ఒక పూట వాడనిస్తాం. ఆ తర్వాత పెద్ద స్టీలు ట్యాంకులో గడ్డిని తొక్కి తొక్కి నింపాలి. సందు ఉండకూడదండీ, సందు ఉంటే ఆవిరి ఆ దారినే పోతుంది, మిగతా గడ్డి పచ్చిగానే ఉండిపోతుంది. కింద మంట, పైన మూత బిగించి గొట్టం. గొట్టం చన్నీళ్ళ తొట్టిలోంచి పోతుంది. అటు చివర నీళ్ళూ నూనే కలిసి డబ్బాలో పడతాయి. నూనె పైకి తేలుతుంది, నీళ్ళు కిందనుంచి పోతాయి. రెండు మూడు గంటలు కాస్తాం. టన్ను పచ్చిగడ్డికి ఐదారు కిలోలొస్తే ఆ కోత బాగున్నట్టే.

లెక్చరర్: ఇక్కడ ఒకటి చెప్పాలి. నిమ్మగడ్డి నూనెలో ఎక్కువ భాగం సిట్రాల్. అది విడిగా మరగాలంటే 220 డిగ్రీలు దాటాలి. ఈయన ట్యాంకులో ఉన్నది నీటి ఆవిరే, వంద డిగ్రీలు. మరి ఎలా బయటికొస్తోంది? నీళ్ళూ నూనే ఒకదాంట్లో ఒకటి కరగవు కాబట్టి దేని ఆవిరి పీడనం, అంటే ఆవిరి పైకి తోసే బలం, దానిదే. రెండూ కలిసి బయటి గాలి పీడనాన్ని అందుకుంటే చాలు, మరుగు మొదలవుతుంది. అందుకని వందకు కొంచెం తక్కువలోనే నూనె కూడా ఆవిరితో లేచి వచ్చేస్తుంది, మాడకుండా. పాతకాలపు అత్తరు బట్టీల వెనక కూడా ఉన్నది ఈ లెక్కే.

రైతు: లవంగ నూనె అయితే కిందికి దిగుతుంది సార్, తేలదు.

లెక్చరర్: అవును, అందులోని యూజినాల్ నీటికంటే బరువు. వట్టివేళ్ళ నూనె సంగతి ఇంకా వేరు. అందులో అణువులు పెద్దవి, లేవడానికి మొండికేస్తాయి, గంటల తరబడి కాయాలి.

వ్యాఖ్యాత: మీ నూనె ఎవరు కొంటారు?

రైతు: సబ్బులు, ఫినాయిల్, అగరుబత్తి, సెంట్లవాళ్ళు. మిషన్‌లో పెట్టి సిట్రాల్ ఎంతుందో చూస్తారు, 75 శాతం దాటితే రేటు బాగుంటుంది. హైదరాబాద్ బోడుప్పల్‌లో సీమ్యాప్ అని ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ కేంద్రం ఉంది కదా, పిలకలు, సలహాలు అలాంటి చోట అడిగి తెచ్చుకోవాలి. దళారి మాట నమ్మి నాటకూడదు. (సీసా మూత తీసి, తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి) ఇది చూడండి. స్వచ్ఛమైనదైతే కాసేపటికి చాలావరకు ఎగిరిపోతుంది. వంటనూనె కలిపితే జిడ్డు మరక అలాగే ఉంటుంది.

లెక్చరర్: ఆ పరీక్ష వంటనూనెను పట్టిస్తుంది, ఫ్యాక్టరీలో తయారైన సింథటిక్ సిట్రాల్ కలిపితే పట్టించలేదు. దానికి నూనెలోని పదార్థాలను విడదీసి చూపే గ్యాస్ క్రొమటోగ్రఫీ అనే ల్యాబ్ పరీక్ష కావాలి. సీసా మీద మొక్క శాస్త్రీయ నామం, బ్యాచ్ నంబరు లేకుండా ‘ప్యూర్’ అని మాత్రమే ఉంటే నేను కొనను.

వ్యాఖ్యాత: ఇప్పుడు మనసు సంగతికొద్దాం. వాసనతో టెన్షన్ తగ్గుతుందా, నిద్ర పడుతుందా? నాకు రోజూ వచ్చే ప్రశ్న ఇది.

లెక్చరర్: వాసనను పట్టే గ్రాహకాలు మనిషిలో సుమారు 400 రకాలు. వాటి జన్యువులను కనిపెట్టినందుకే రిచర్డ్ యాక్సెల్, లిండా బక్‌లకు 2004 నోబెల్. చూపు, వినికిడి లాంటివి మెదడులో థాలమస్ అనే జంక్షన్ దాటి వెళ్తాయి. వాసన అక్కడ ఆగకుండానే భయం, ఆనందం, జ్ఞాపకం నడిచే భాగాలను చేరుతుంది. మల్లెపూల వాసనకు ఎప్పటిదో పెళ్ళిపందిరి గుర్తుకు రావడం అందుకే. ఇక లావెండర్. ఆ పువ్వు నూనెలో లినలూల్ అనే వాసన పదార్థం ఉంటుంది. జపాన్‌లోని కగోషిమా విశ్వవిద్యాలయంవాళ్ళు 2018లో ఎలుకలకు ఆ వాసన చూపిస్తే వాటి ఆందోళన తగ్గింది. వాసన శక్తి లేని ఎలుకలలో తగ్గలేదు. ఊపిరితిత్తుల ద్వారా రక్తంలోకి వెళ్ళడం వల్ల కాదు, వాసన తెలియడం వల్లే ఆ పని జరిగిందన్నమాట.

డాక్టర్: ఎలుకల దగ్గర ఆగకూడదు సార్. అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ 2008లో మనుషుల మీద నిమ్మ, లావెండర్ వాసనలు పరీక్షించింది. నిమ్మ వాసనకు మూడ్ బాగుపడింది. కానీ నొప్పి, రోగనిరోధక శక్తి, గాయం మానడం, వీటిలో వేటి మీదా ప్రభావం కనిపించలేదు. లావెండర్ అయితే మూడ్ విషయంలో కూడా నిరాశపరిచింది.

లెక్చరర్: ఒప్పుకుంటాను. కానీ జర్మనీలో 80 మిల్లీగ్రాముల లావెండర్ నూనె క్యాప్సూల్‌ను ఆందోళన ఉన్న రోగుల మీద డమ్మీ మాత్రతో పోల్చి పరీక్షిస్తే మెరుగైన ఫలితాలొచ్చాయి.

డాక్టర్: అది కొలిచి తయారుచేసిన మందు. షాపులో దొరికే సీసాలోంచి నీళ్ళలో చుక్కలు వేసుకుని తాగడం వేరు. పిప్పర్‌మెంట్ నూనె కూడా అంతే. పేగులోకి వెళ్ళాక కరిగేలా పూత వేసిన క్యాప్సూల్‌గా ఇస్తే ఐబీఎస్ అనే దీర్ఘకాలపు పేగు సమస్యలో వచ్చే కడుపునొప్పి తగ్గుతుంది, అమెరికా గ్యాస్ట్రో డాక్టర్ల 2021 మార్గదర్శకాల్లో దాన్ని సూచించారు. పీల్చడం, పూయడం, మింగడం మూడూ మూడు వేర్వేరు పనులు. ఒకదానికి వచ్చిన రుజువు ఇంకోదానికి పనికిరాదు. మన దగ్గర జరిగే అనర్థం అంతా ఈ మూడూ కలిపేయడంలోనే ఉంది.

వ్యాఖ్యాత: వాసననే చికిత్సగా వాడే సందర్భం ఏమైనా ఉందా మేడమ్?

డాక్టర్: ఉంది, నాకు చాలా నచ్చినది కూడా. జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హుమ్మెల్ బృందం 2009లో, వాసన పోయినవాళ్ళకు గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి వాసనలు రోజుకు రెండుసార్లు చొప్పున 12 వారాలు చూపించింది. చూడనివాళ్ళకంటే వీళ్ళకు వాసన మెరుగ్గా తిరిగొచ్చింది. కొవిడ్ తర్వాత కాఫీ వాసన కూడా తెలియక కుంగిపోయినవాళ్ళకు ఈఎన్‌టీ డాక్టర్లు ఇదే నేర్పించారు. ఖర్చు లేదు, ఓపిక కావాలి.

రైతు: డాక్టరమ్మా, మా ఇంట్లో జలుబు చేస్తే తైలం దిండుకి రాస్తాం. చంటిపిల్లకైతే నుదుటికి, ముక్కు పక్కన కర్పూరం నూనె. తప్పా?

డాక్టర్: పెద్దవాళ్ళ దిండుకి రాసుకోండి, పరవాలేదు. రెండేళ్ళలోపు పిల్లల దగ్గరికి మాత్రం కర్పూరం, మెంథాల్, నీలగిరి తైలం రానివ్వకండి. ముక్కు దగ్గర ఘాటు తగిలితే పసిబిడ్డ గొంతు బిగుసుకుని ఊపిరి ఆగవచ్చు. కర్పూరానికి ఫిట్స్ తెప్పించే గుణముంది. 1934లో బుడాపెస్ట్‌లో మెడూనా అనే డాక్టర్ మానసిక రోగులకు కావాలని ఫిట్స్ తెప్పించడానికి వాడింది కర్పూరాన్నే. నీలగిరి తైలం, కర్పూరం వాడకం తర్వాత పెద్దవాళ్ళలోనూ ఫిట్స్ వచ్చిన కేసులను బెంగళూరు న్యూరాలజిస్టులు ప్రచురించారు. ఫిట్స్ ఉన్నవాళ్ళు బామ్‌లు కూడా చూసి వాడాలి. నొప్పులకు రాసే వింటర్‌గ్రీన్ నూనె ఇంకా తీవ్రం. ఒక్క టీస్పూన్ మింగితే 20కి పైగా ఆస్పిరిన్ మాత్రలు మింగినట్టే.

వ్యాఖ్యాత: చర్మానికి రాసుకునేవాళ్ళకు?

లెక్చరర్: నేరుగా ఎప్పుడూ వద్దు. 30 మిల్లీలీటర్ల కొబ్బరినూనెలో 12 చుక్కలు కలిపితే సుమారు 2 శాతం, అది చాలు. ముందు మోచేతి లోపల రాసి ఒక రోజు చూడండి. నిమ్మతొక్కను పిండి తీసిన నూనె రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కాలి మచ్చలు పడొచ్చు. మూత తీసి నెలల తరబడి పెట్టిన సీసా వాడకండి, గాలి తగిలి మారిన లినలూల్, లిమొనీన్ లాంటి వాసన పదార్థాలు ఎలర్జీ తెస్తాయి. పని చేసే నూనెలూ ఉన్నాయి. 5 శాతం టీ ట్రీ నూనెతో మొటిమలు తగ్గాయని 1990లో ఆస్ట్రేలియాలో తేల్చారు, బెంజోయిల్ పెరాక్సైడ్ అనే మొటిమల మందు కంటే నెమ్మదిగా, కాకపోతే చర్మం మంట తక్కువగా.

వ్యాఖ్యాత: ఫోన్‌లో ఒక తల్లి ఉన్నారు. చెప్పండమ్మా.

ప్రేక్షకురాలు: మా బాబుకి రెండున్నరేళ్ళు మేడమ్. దేవుడి దగ్గర పెట్టిన కర్పూరం బిళ్ళలు చాక్లెట్ అనుకుని నోట్లో పెట్టుకోబోయాడు. లాక్కున్నాను. ఒకవేళ మింగి ఉంటే ఏం చేయాలి?

డాక్టర్: ముందు ఒకటి వినండి, వాంతి చేయించకండి. ఉప్పునీళ్ళు తాగించడం, గొంతులో వేలు పెట్టడం చేయవద్దు. నూనె అయితే ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది, కర్పూరమైతే మధ్యలో ఫిట్స్ రావచ్చు. నోట్లో కనిపించే ముక్క తీసేసి, నోరు తుడిచి వెంటనే 108కి ఫోన్ చేయండి. బాబు బాగానే ఆడుకుంటున్నాడని ఇంట్లో కూర్చోవద్దు, కర్పూరం ప్రభావం కొన్ని నిమిషాల్లోనే మొదలుకావచ్చు. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి. ఆ డబ్బా కానీ సీసా కానీ మీతోపాటు ఆసుపత్రికి తీసుకురండి. అందులో ఎంత ఉండేది, ఇప్పుడెంత మిగిలింది, ఎప్పుడు మింగాడు, డ్యూటీ డాక్టర్ మొదట అడిగేవి ఈ మూడే.